పిడి కింది కిరీటం గుర్తు

ఆ ఏడాది హైమవతికి ఏ గుర్తు చూసినా దొంగగుర్తులాగే కనిపించసాగింది.

మొదట్లో అలా ఉండేది కాదు. సికింద్రాబాదులో షుజాత్ అలీ సాహెబ్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన కొత్తలో, పాత రివాల్వరు ఒకటి చేతికొస్తే ఆమెకు ఆ పూటంతా పండగలా ఉండేది. సాహెబ్ సైన్యం ఆయుధాల వర్క్‌షాపులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. యుద్ధకాలపు రివాల్వర్లు సేకరించేవాళ్ళు, మ్యూజియాలవాళ్ళు, తాతల నాటి ఆయుధాన్ని లైసెన్సు మీద ఇంట్లో దాచుకున్నవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చి, "ఇది అసలుదేనా? ఎక్కడెక్కడ తిరిగింది?" అని అడిగేవారు. ఆయన దాని మీది గుర్తులు చదివి చెప్పేవారు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు.

ఆ గుర్తులు చీమ తలకాయంత ఉంటాయి. బాణం గుర్తు ఉంటే అది సర్కారు సొత్తు. కిరీటం, దాని కింద ఒక అక్షరం ఉంటే తనిఖీ చేసినవాడు చూసి సరే అన్నాడని. రెండు బాణాలు మొనకు మొన ఆనించి ఉంటే, సైన్యం దాన్ని తన లెక్కల్లోంచి తీసేసి బయటికి వదిలిందని. హైమ వీటిని అక్షరాలు దిద్దినంత ఇష్టంగా నేర్చుకుంది.

అలాంటిది ఒకసారి పొరపాటు పడింది. ఒక సేకరణదారు తెచ్చిన రివాల్వరును బాగా పరీక్షించి, అసలుదే అని గట్టిగా చెప్పింది. ఉస్తాద్ దాన్ని వెలుతురులోకి తిప్పి చూసి, "కాదు" అన్నారు. దాని మీది గుర్తులన్నీ ఈమధ్య ఎవరో కూర్చుని కొట్టినవి. ఆయన ఆమెను ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనుకుంది హైమ.

అప్పటినుంచి ఆమె ముందు అనుమానించి, ఆ తర్వాతే చూడడం మొదలుపెట్టింది. గుర్తు స్పష్టంగా ఉంటే, ఇంత స్పష్టంగా ఎలా ఉందని అనుమానం. అరిగిపోయి ఉంటే, కావాలని అరగదీశారని అనుమానం. వచ్చినవాళ్ళు ఆయుధం గురించి ఎక్కువ చెబితే కట్టుకథ, తక్కువ చెబితే దాపరికం. ఉస్తాద్ ఆమె మాటలు వింటూ ఒక్కోసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు.

ఒక మధ్యాహ్నం సన్నటి స్క్రూడ్రైవరు కోసం వెతుకుతూ ఆమె ఉస్తాద్ బల్ల అడుగు సొరుగు లాగింది. అందులో ఒక గుడ్డమూట ఉంది. బరువుగా ఉందని విప్పి చూసింది.

లోపల ఉక్కు అచ్చులు. చూపుడు వేలంత పొడవున్న కడ్డీలు, కొసన చెక్కిన గుర్తులు. బాణం. కిరీటం. అంకెలు. సుత్తితో ఒక్క దెబ్బ కొడితే ఇనుము మీద గుర్తు పడుతుంది.

గుర్తులు చదివి చెప్పే మనిషి దగ్గర గుర్తులు కొట్టే అచ్చులెందుకు?

మూట కట్టి యథాప్రకారం పెట్టేసింది. ఉస్తాద్ వచ్చాక అడుగుదామనుకుంది. ఆయన వచ్చారు. "టీ తాగావా?" అని అడిగారు. తాగానని చెప్పింది. అసలు మాట అడగకుండానే పనిలో పడింది.

ఆ తర్వాత ఆయన చేసే ప్రతి పనీ ఆమెకు వేరుగా కనిపించింది. ఒక పెద్దమనిషి వస్తే ఉస్తాద్ ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. ఎందుకు? లోపలినుంచి సుత్తి చప్పుడు వినబడింది. మరమ్మతా, మరేదైనానా? ఫలానాది అసలుదే అని ఇన్నేళ్ళుగా ఆయన సంతకం చేసి ఇచ్చిన మాటలన్నీ ఆమె తలలో తిరగసాగాయి. తనను మోసం చేసిన ఆ రివాల్వరు మీద గుర్తులు కొట్టిందెవరు? అంత త్వరగా ఆయనకెలా తెలిసింది?

ఆ రోజుల్లోనే కందుల జగ్గారావు గారు వచ్చారు.

తణుకు నుంచి రైలెక్కి వచ్చిన మనిషి. అరవై దాటిన వయసు, ఇస్త్రీ నలగని చొక్కా. ఒళ్ళో తోలుసంచి పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నారు. సంచిలోంచి లైసెన్సు కాయితాలు తీసి ముందు అవి చూపించి, ఆ తర్వాత రివాల్వరు బయటికి తీశారు. వెబ్లీ కంపెనీది, మార్క్ సిక్స్. మొదటి యుద్ధంలో తయారై, రెండో యుద్ధంలోనూ మన సైన్యంలో వాడిన రకం.

"మా నాన్నగారిదండీ. డాక్టర్ వెంకటరత్నం అని. యుద్ధంలో సైన్యం డాక్టరుగా బర్మా వెళ్ళారు. తిరిగొచ్చేప్పుడు ఇది తెచ్చుకున్నారు."

"మంచిది" అన్నారు ఉస్తాద్.

"ఒక మిలటరీ మ్యూజియంవాళ్ళు నాన్న పేరుతో అద్దాలపెట్టెలో పెడతామన్నారు. ముందు మీకు చూపించి రమ్మన్నారు." జగ్గారావు గారు ఆగి, గొంతు సవరించుకున్నారు. "ఇంకో సంగతి కూడా ఉంది. దాచి లాభం లేదు. మా ఊళ్ళో, మావాళ్ళల్లోనే, ఒక మాట ఉందండీ. మా నాన్న బర్మా వెళ్ళనే లేదని. మద్రాసులోనే ఏదో ఆస్పత్రిలో దాక్కున్నాడని. ఈ రివాల్వరు అక్కడ పాత సామాన్లు అమ్మే మూర్ మార్కెట్లో కొని, జనానికి చూపించుకున్నాడని."

"మీరేమనుకుంటారు?" అని అడిగింది హైమ.

ఆయన సంచి బకిల్ పెట్టి తీశారు, తీసి పెట్టారు. "నేననుకునేదేముందమ్మా. గుర్తులు అబద్ధం చెప్పవంటారు కదా. అవేం చెబితే అదే."

ఉస్తాద్ రివాల్వరును ఒకసారి విప్పి, మూసి, "బాగుంది. వారం తర్వాత రండి. మేమిద్దరం చూసి ఉంచుతాం" అన్నారు.

బాగుందన్న ఆ మాట హైమ చెవిలో ముల్లులా దిగింది. ఇంకా భూతద్దం తియ్యలేదు. అప్పుడే బాగుందా?

ఆమె చూసింది. తయారైన ఏడాది, బాణం గుర్తు, ఎదురెదురు బాణాలు అన్నీ ఉన్నాయి. కానీ తూటాల చక్రం దగ్గర చూపు ఆగిపోయింది. రివాల్వరు చట్రం మీద ఉన్న నంబరే చక్రం మీదా ఉండాలి. ఇక్కడ చక్రం మీద ముందు వేరే నంబరు ఉంది. దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన చట్రం నంబరు వేశారు. ఆ అంకెలు వంకరగా, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉన్నాయి. ఎవరో చేత్తో కొట్టినవి.

దొంగది, అనుకుంది హైమ. ఎక్కడిదో చక్రం తెచ్చి జత కుదిర్చారు. డాక్టరుగారు మూర్ మార్కెట్లో మోసపోయాడు, లేదా తానే మోసం చేశాడు.

"చూశావా?" అని అడిగారు ఉస్తాద్ సాయంత్రం.

"చూస్తున్నానండీ" అంది.

తాను అనుకున్నది చెప్పలేదు. ఈయన దీన్ని అసలుదని రాసిస్తాడు, నాకు తెలుసు, అనుకుంది. ఎందుకు రాసిస్తాడో కూడా తెలియాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు వెళ్ళారు. దుకాణంలో హైమ ఒక్కతే ఉంది. అడుగు సొరుగు లాగి మూట విప్పి, కిరీటం అచ్చు తీసింది. రివాల్వరు పిడికి అటూ ఇటూ నల్లటి పలకలుంటాయి, ఒక్క మరతో బిగించి. ఆ మర విప్పి పలక తీసింది. కింద ఇనుము ముదురు గోధుమరంగులో, ఏ గుర్తూ లేకుండా ఉంది.

ఆయన పలక తీసి చూస్తారు. కొత్తగా పడ్డ ఈ కిరీటాన్ని కూడా అసలు గుర్తే అని రాస్తే, దొంగ ఎవరో తేలిపోతుంది. ఎలాగూ దొంగ రివాల్వరు. ఇంకో గుర్తు పడితే పోయేదేముంది?

అచ్చు ఆనించి సుత్తితో కొట్టింది. ఒక్కటే దెబ్బ. చప్పుడు గదిలో ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వినబడింది. పలక బిగించి, అన్నీ ఎక్కడివక్కడ సర్ది, చేతులు కడుక్కుంది. ఎందుకో మళ్ళీ కడుక్కుంది.

మర్నాడు ఉస్తాద్ కిటికీ దగ్గర కూర్చుని రివాల్వరును నిదానంగా పరీక్షించారు. పిడి పలక విప్పారు. భూతద్దం పెట్టి వంగి చూశారు. హైమ అటు చూడనట్టే ఉండి, ఆయన ముఖమే చూస్తోంది.

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. పలక బిగించి, రివాల్వరును గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టారు. ఏమీ రాయలేదు, ఏమీ అడగలేదు. మిగిలిన వారమంతా రోజూలాగే టీ తెప్పించారు, రోజూలాగే ఆమెను కూర్చోబెట్టుకుని పాత గుర్తుల గురించి చెప్పారు. హైమకు ఆయన మాటలు చెవికెక్కలేదు. అచ్చుల సంగతి నాకు తెలుసని ఈయనకు తెలుసా? తెలిసీ ఊరుకున్నాడా? ఏం చెయ్యబోతున్నాడు?

చెప్పిన రోజుకు జగ్గారావు గారు వచ్చారు.

ఉస్తాద్ బల్ల మీద నల్లగుడ్డ పరిచి రివాల్వరు పెట్టారు. "హైమా, నువ్వు చూసింది ఆయనకు చెప్పు."

హైమ చెప్పింది. ఏడాది, బాణం గుర్తులు. చక్రం దగ్గరికి వచ్చేసరికి గొంతు గట్టిపడింది. "ఈ చక్రం దీనిది కాదండీ. వేరే రివాల్వరుది. పాత నంబరు కొట్టేసి, జత కుదిరినట్టు కనబడాలని కొత్త నంబరు వేశారు."

జగ్గారావు గారు తల దించుకున్నారు.

"పాత నంబరు కనబడుతోందా?" అని అడిగారు ఉస్తాద్.

"కనబడుతోంది. గీత కొట్టి ఉంది."

"గీత కింద చదవగలవా?"

"చదవగలను."

"దాచాలనుకున్నవాడు చదవడానికి వీలుగా గీత కొడతాడా, బేటా?"

హైమ భూతద్దం తీసి ఆ గీతను మళ్ళీ చూసింది.

"దాచేవాడు ఆకురాయితో పాత నంబరు అరగదీస్తాడు" అన్నారు ఉస్తాద్, జగ్గారావు గారి వైపు తిరిగి. "ఇది కొట్టినవాడికి దాచే పని లేదు. మీ రివాల్వరు చక్రం పాడైంది. పనికిరాకుండా పోయిన ఇంకో రివాల్వరు చక్రం తీసి దీనికి వేశాడు. ముందున్న నంబరు కొట్టేసి, దీని నంబరు వేశాడు. తొందరలో, సరైన బల్ల కూడా లేని చోట. యుద్ధరంగానికి దగ్గర్లో ఉండే వర్క్‌షాపుల పని ఇలాగే ఉంటుంది. నేను చాలా చూశాను. ఇది యుద్ధానికి వెళ్ళొచ్చిన రివాల్వరు."

జగ్గారావు గారు తలెత్తారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో అనబోయారు.

"ఆగండి. ఇంకొకటుంది."

ఉస్తాద్ పిడి పలక విప్పి, భూతద్దం ఆయన చేతికే ఇచ్చారు. "చూడండి. ఏం కనబడుతోంది?"

"కిరీటం లాంటిది."

"చుట్టూ ఇనుము ఏ రంగులో ఉంది?"

"గోధుమరంగు. కిరీటం లోపల మాత్రం తెల్లగా మెరుస్తోంది." జగ్గారావు గారు భూతద్దం దించారు. "అంటే ఇది కొత్తదా?"

"కొత్తది. దొంగగుర్తు."

జగ్గారావు గారి ముఖంలో అప్పుడే వచ్చిన వెలుతురు పోయింది. "అయితే మావాళ్ళు అన్నదే నిజమన్నమాట" అన్నారు నెమ్మదిగా. "మా నాన్నే ఎవరిచేతో కొట్టించుకుని ఉంటాడు. ఒక గుర్తు కొట్టించినవాడు మిగతావి మాత్రం..." ఆ మాట పూర్తి చెయ్యలేదు. రివాల్వరును చేత్తో కొంచెం అవతలికి తోశారు.

హైమకు అప్పుడు అర్థమైంది, తాను కొట్టిన దెబ్బ ఎవరికి తగిలిందో.

ఉస్తాద్ ఆమె వైపు చూడలేదు. రివాల్వరును మళ్ళీ జగ్గారావు గారి ముందుకు జరిపారు.

"మీ నాన్నగారు కాదు. ఈ గుర్తు ఈ వారంలో పడింది. ఈ దుకాణంలోనే పడింది. తప్పు నాది."

జగ్గారావు గారు లేచి నిలబడ్డారు. "మీ మీద నమ్మకంతో వదిలి వెళ్ళానండీ!"

"అవును."

"యుద్ధానికి వెళ్ళిందని ఇందాక చెప్పారే, ఆ మాట మాత్రం ఇప్పుడు నేనెలా నమ్మాలి?"

"అడగవలసిన మాటే" అన్నారు ఉస్తాద్. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నారు. ఆ వయసు మనిషి, అంతమంది తన మాట కోసం వచ్చే మనిషి, దొంగ అనిపించుకుని అలా కూర్చోవడం హైమ చూసింది.

"కొట్టింది నేనండీ" అంది.

జగ్గారావు గారు ఆమె వైపు తిరిగారు.

"నేనే కొట్టాను. ఉస్తాద్‌జీకి తెలియకుండా. ఆయన దాన్ని అసలు గుర్తు అంటారేమో చూద్దామని."

"ఈయన్ని పట్టుకోవడానికా? మా నాన్న వస్తువు మీదా?"

"అది ఎలాగూ దొంగదే అనుకున్నాను."

ఆయన అరుస్తారనుకుంది. ఆయన కుర్చీలో కూలబడ్డారు. రివాల్వరును చేతిలోకి తీసుకున్నారు.

"నేనూ అలా అనుకునే తెచ్చానమ్మా" అన్నారు. "మావాళ్ళు అంటారని చెప్పాను కదా. మావాళ్ళకంటే ముందు నాకే ఉంది ఆ అనుమానం. చిన్నప్పుడు ఎవరో అంటే విన్నాను. అప్పటినుంచి ఆయన ఏం చెప్పినా, ఇది నిజమేనా అని వినేవాణ్ణి. ఆయనకూ తెలిసిపోయిందేమో, చెప్పడం మానేశారు. 'బర్మాలో ఏం జరిగింది నాన్నా' అని ఒక్కసారైనా అడగలేదు. ఆయన పోయాక ఈ ఇనప ముక్కను పట్టుకుని మీ దగ్గరికి వచ్చాను."

బయట వీధిలో ఎవరో షట్టరు ఎత్తారు.

"మీరొక్కటి చెప్పండి" అన్నారు జగ్గారావు గారు ఉస్తాద్‌తో. ఆయన గొంతులో కోపం లేదు. "మా నాన్న వెళ్ళారా?"

"రివాల్వరు వెళ్ళింది, జగ్గారావు గారూ. అది నేను చెప్పగలను. మనిషి సంగతి దీని మీద రాసి ఉండదు."

ఆయన తల ఊపారు. "మా పెద్దత్త ఉంది, నర్సాపురంలో. నాన్నకు అక్క. తొంభై దాటినా మాట బాగానే ఉంది. ఈ సంగతి అడిగితే తిడుతుందని ఇన్నాళ్ళూ అడగలేదు. ఇటునుంచి ఇటే వెళతాను."

మ్యూజియానికి ఇచ్చే అభిప్రాయం ఇక్కడే రాసి ఇవ్వమన్నారు. కిరీటం సంగతి కూడా రాయమన్నారు. "రేపు ఇంకెవరైనా చూసి మా నాన్నను అనకూడదు."

ఉస్తాద్ కలం తీసి హైమ ముందు పెట్టారు.

ఆమె రాసింది. ఏడాది, బాణాలు, మారిన చక్రం, గీత కింది నంబరు. ఆఖరున, పిడి పలక కింద ఉన్న కిరీటం గుర్తు అసలుది కాదనీ, దాన్ని తానే కొట్టాననీ రాసి సంతకం చేసింది. ఉస్తాద్ చదివి, కింద తన సంతకం పెట్టారు.

జగ్గారావు గారు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. రివాల్వరును తనే గుడ్డలో చుట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి హైమను చూశారు. క్షమించానని అనలేదు, క్షమించనని అనలేదు. "వస్తానమ్మా" అని వెళ్ళిపోయారు.

హైమ తన సంచి తీసి భుజాన వేసుకుంది. ఇక ఇక్కడ పని ఉండదని ఆమెకు తెలుసు. అయినా అడుగు పడలేదు.

"ఆ అచ్చులు..." అంది.

ఉస్తాద్ సొరుగు లాగి మూట తీసి ఆమె ముందు విప్పారు. కిరీటం అచ్చును వేలితో పైకి తిప్పి, భూతద్దం ఇచ్చారు. హైమ చూసింది. కిరీటం ఎడమ కొస విరిగి ఉంది. పెద్దగా ఏమీ కాదు, నువ్వుగింజలో సగం. కొట్టేటప్పుడు తాను చూడనే లేదు.

"ఈ ఊళ్ళో దొంగగుర్తులు కొట్టేవాడు ఒకడుండేవాడు. అతను పోయాక ఇవి బజారున పడకుండా తెచ్చి పెట్టుకున్నాను. ఎక్కడైనా సందేహం వస్తే వీటితో పోల్చి చూస్తాను. ఆ కిరీటం నాకు బాగా తెలుసు. ఎక్కడ కనబడినా గుర్తుపడతాను."

"అయితే శనివారమే తెలుసన్నమాట మీకు."

"తెలుసు."

"మరి నన్నెందుకు ఏమీ అనలేదు?"

"నువ్వు వచ్చి చెబుతావేమోనని చూశాను."

హైమ కళ్ళు తుడుచుకుంది. "ఈ మూట చూసిన రోజునే, ఇవేమిటని నేను అడిగి ఉంటే?"

ఉస్తాద్ అచ్చులను ఒక్కొక్కటే గుడ్డలో పేర్చి ముడి వేశారు. మూటను సొరుగులో పెట్టలేదు. బల్ల మీదే, ఇద్దరికీ కనబడే చోట ఉంచారు.

"చెప్పేవాణ్ణి" అన్నారు. "ఒక్క మాటతో తీరేదానికి సుత్తి ఎత్తావు, బేటా."